పదహారో కార్డు

గంట టైముందంది డాక్టర్. గంటలోపల తల తెరిచి గడ్డకట్టిన రక్తం తీసేస్తే మనిషి దక్కొచ్చు, ఆలస్యమైతే ఏమీ చెప్పలేం, ఇక్కడ సంతకం పెట్టండి సుష్మిత గారూ అంటూ కాగితం, కాగితం కింద అట్ట, అట్టకి దారంతో కట్టిన పెన్ను నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది. కోటు మీద మంజూష అని ఉంది, నా ఈడుదే, మొహంలో నిద్ర లేదు. పోతూ పోతూ, మేం చేసేది మేం చేస్తాం, మిగతాది పైవాడి దయ, అంది. ఆ ఒక్క మాట అనకపోతే నేను అప్పుడే సంతకం పెట్టేసేదాన్నేమో. కాగితం ఇచ్చింది పదకొండింటికి. ఇప్పుడు పదకొండూ ఇరవై. పెన్ను అట్టకి వేలాడుతూనే ఉంది. అద్దాల తలుపు అవతల మంచం మీద ఉన్నది మా నాయిన రాజనర్సయ్య, ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయి, మూతి ఒక పక్కకి జారిపోయి. ఆయనకి నేను తప్ప ఎవరూ లేరు. ఉన్న ఇంకో మనిషిని, మా అమ్మ స్వరాజ్యాన్ని, పదకొండేళ్ళ కింద ఆయనే చంపుకున్నాడు. కత్తితో కాదు, తాడుతో కాదు. ఇప్పుడు నేను కూర్చున్నట్టే కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, టైము పోనిచ్చి చంపాడు.

కిటికీలోంచి పంజగుట్ట చౌరస్తా కనిపిస్తోంది. ఆటోలు, బస్సులు, పచ్చలైటు పడేలోపే హారన్లు. ఎస్.ఆర్. నగర్‌లో మా గది నుంచి ఇక్కడికి ఆటోలో పది నిమిషాలు. ఆ రోజైతే ఇంత ట్రాఫిక్కు కూడా లేదు. అమ్మకి ఐదో నెల కడుపు పోయింది, రక్తం ఆగలేదు, పొద్దున తొమ్మిదికి మొదలై పరుపు తడిసి, బండల మీదికి దిగి, గడప దాకా వచ్చింది. నాకు పదమూడేళ్ళు. చెప్పుల్లేకుండా కిందికి ఉరికి ఆటో పిలుచుకొచ్చాను. మా గల్లీలో ఉండే నర్సింహులు ఆటో. కింద హారన్ కొడుతున్నాడు. నాయిన కిటికీలోంచి తల బయట పెట్టి, "అవసరం లేదు నర్సింహులూ, నువ్వు పో," అన్నాడు, ఇవాళ పాలు వద్దన్నంత మామూలుగా. నేను కాళ్ళ మీద పడ్డాను. "ఆమె గడియ దేవుడు లోకం పుట్టకముందే రాసిపెట్టిండు. దవాఖానకు పోతే మారుతదా?" అని, కాళ్ళు వదలనందుకు చెంప మీద ఒక్కటి ఇచ్చి గోడకేసి తోశాడు. అమ్మ పరుపు మీది నుంచి మూడుసార్లు అడిగింది, "సుష్మీ, ఆటో వచ్చిందా?" అని. మూడోసారి వచ్చిందమ్మా అని అబద్ధం చెప్పాను. పన్నెండుకల్లా అయిపోయింది. తర్వాత ఆయన బండలు కడిగాడు, బకెట్లతో నీళ్ళు పోసి, చీపురుతో, మూలమూలా, చాలా శ్రద్ధగా. ఆ చీపురు చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు. పోవాలని నేనూ కోరుకోలేదు.

అలాంటి మనిషిని ఇవాళ నేనైతే ఇక్కడికి తెచ్చేదాన్ని కాదు. తెచ్చింది నాయిన ప్రెస్సులో బైండింగ్ చేసే చంద్రమ్మ. మిషన్ పక్కన పడిపోయినవాణ్ణి చూసి, ఎవరినీ అడక్కుండా ఆటోలో వేసుకుని వచ్చి, అప్పుడు నాకు ఫోన్ చేసింది. నేను మైత్రీవనంలో క్లాసు చెబుతున్నాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, తొమ్మిదిన్నర బ్యాచ్, ముప్ఫై కుర్చీల్లో యాభై మంది. బోర్డు మీద సగం రాసిన వాక్యం అలాగే వదిలేసి వచ్చాను. వచ్చాక చంద్రమ్మ చెప్పింది వింటే ఒళ్ళు భగ్గుమంది. "తొవ్వంత ఏడ్సుకుంటనే ఉన్నడు సుష్మితమ్మా. నన్ను సావనియ్యకు చంద్రమ్మా, జల్ది దవాఖానకు తీస్కపో అని మొత్తుకున్నడు. ఆటోవాని అంగి పట్టుకుని గుంజిండు." అంటే ఈయన గడియ మాత్రం ఎవరూ రాయలేదన్నమాట. అమ్మకి రాత, ఆయనకి ఆటో. లేచి ఆ తలుపు తోసుకుని లోపలికి పోయి, ముక్కుకి పెట్టిన గొట్టం పీకి, అదే గొట్టం మెడకి రెండు చుట్లు చుట్టి లాగాలనిపించింది. అనిపించడం కాదు, నా చేతులు ఆ పని చేస్తున్నట్టే బిగుసుకున్నాయి, అట్ట మీద గోళ్ళ గాట్లు పడ్డాయి. చంద్రమ్మ నా మొహం చూసి, నీళ్ళు తెస్తానని చెప్పి అటే పోయింది. ఇంకా రాలేదు.

ఆయన మొదట్నుంచీ ఇట్లాంటోడు కాడు అనేది అమ్మ. అమీర్‌పేట సందులో ఒక ట్రెడిల్ మిషన్ పెట్టుకుని పెళ్ళి కార్డులూ బిల్లు బుక్కులూ అచ్చేసుకునేవాడు. నేను పుట్టిన ఏడాది బాప్తిస్మం తీసుకున్నాడు. పాత పేరు అలాగే ఉంచుకున్నాడు, ప్రెస్సు బోర్డు మీద అదే ఉంది మరి. తర్వాత కొన్నాళ్ళకి మా సంఘం పాస్టరు చక్రపాణి అయ్యగారు ఒక చిన్న పుస్తకం అచ్చు వెయ్యమని ఇచ్చారు, ఏర్పాటు గురించి. దేవుడు కొందరిని రక్షణ కోసం ముందే ఏర్పరచుకున్నాడు, వాళ్ళు చేసిన మంచిని చూసి కాదు, చెయ్యబోయే మంచిని చూసీ కాదు, కేవలం తన ఇష్టం వల్ల, మిగిలినవాళ్ళని వాళ్ళ పాపానికి వదిలేశాడు. అందులో సంగతి అంతే. మిగతా జనం చదివి అవతల పెట్టారు. మా నాయిన చదవలేదు, కూర్చాడు. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, తిరగేసి, వరస పేర్చి, నెల రోజుల పాటు ఆ మాటలన్నీ వేళ్ళలోంచి ఎక్కించుకున్నాడు. పుస్తకం అచ్చయ్యేసరికి మనిషి మారిపోయాడు. బస్సులో పక్కన కూర్చున్నవాణ్ణి చూసినా, వీడు ఆ ఏర్పాటులో ఉన్నవాడా పోయినవాడా అని తేల్చుకునే దాకా ఊరుకునేవాడు కాదు. బీడీ కాలిస్తే పోయినవాడు. ఇంట్లో మాత్రం ఇంకా ఎవరి సంగతీ తేల్చలేదు, ఆ జనవరి ఒకటో తారీఖు దాకా.

నాకు ఏడేళ్ళు. కొత్త సంవత్సరం పొద్దున ఆరాధన. మా సంఘంలో ఆ రోజు వాగ్దానం కార్డులు తీస్తారు. పళ్ళెంలో చిన్న చిన్న కార్డులు బోర్లా పోసి, పైన తెల్ల రుమాలు కప్పి తెస్తారు, చెయ్యి రుమాలు కిందికి పోనిచ్చి ఒకటి తీసుకోవాలి. దాని మీద ఉన్న వాక్యం ఆ ఏడంతా దేవుడు నీకిచ్చిన మాట. చదువు వస్తుందని కొందరికి, స్వస్థత అని కొందరికి, అందరూ ఒకరిది ఒకరు చూసుకుని మురుస్తారు. నేను తీసింది ఖాళీ కార్డు. రెండు వైపులా ఖాళీ. నేను నవ్వాను కూడా, నాకు తెల్లటిది వచ్చిందని ఎత్తి చూపించాను. ఆ కార్డులు అచ్చేసింది మా నాయినే. ట్రెడిల్‌కి చేత్తో కాగితం పెడుతుంటే అప్పుడప్పుడు రెండు షీట్లు అంటుకుని పోతాయి, పైది అచ్చవుతుంది, కిందిది ఖాళీగా వస్తుంది. ప్రెస్సులో చీపురు పట్టేవాళ్ళకి కూడా తెలిసిన సంగతే. షీటుకి పదహారు కార్డులు. ఆ కట్ట కోస్తే పదహారు దొంతర్లు, దొంతరకి ఒక ఖాళీది. ఆయన కూర్చుని పదిహేను ఖాళీవి ఏరేశాడు, పదహారోది కంటబడలేదు. ఇంకో ఇంట్లో అయితే అయ్యో పొరపాటైంది, ఇంకోటి తియ్యి తల్లీ అనేవాళ్ళు. మా నాయిన మొహం సున్నం కొట్టినట్టయింది. ఇంటికొచ్చి అమ్మతో అన్నాడు, "పదిహేను దేవుడు నా చేత తీయించిండు. ఒక్కటి ఉంచిండు. ఎవలు ఉంచిన్రు స్వరాజ్యం? నేనా?" అమ్మ బియ్యం ఏరుతూ, "నీ కండ్లకు అద్దాలు పెట్టియ్యాలె," అంది. ఆ మాటకి చాట ఎగిరి గోడకి తగిలింది, తర్వాత అమ్మ తగిలింది.

ఆ రోజు నుంచి నన్ను బిడ్డా అని పిలవడం మానేశాడు. ఇగో, అగో, ఓయ్. దెబ్బలకి మిషన్ బెల్టు, పాతది, తోలుది. ప్రార్థనలో నిద్రపోతే బెల్టు, పక్కింట్లో టీవీ చూస్తే బెల్టు, పరీక్షలో ఫస్టు వస్తే గర్వం దిగడానికి బెల్టు. ఒకసారి ఏడుపు ఆపి అడిగాను. "ముందే రాసి ఉంటె నన్ను కొట్టుడెందుకు నాయినా?" ఆయన ఆగి, నిజంగానే ఆలోచించి, "కొట్టుడు సుత రాసే ఉన్నది," అని మళ్ళీ మొదలుపెట్టాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. పదకొండేళ్ళప్పుడు ప్రెస్సులో నా చెయ్యి కటింగ్ మిషన్ బల్ల మీద పెట్టి అదిమి పట్టాడు. పైన కత్తి, బారెడు పొడవు, వెయ్యి కాగితాలు ఒక్క దెబ్బకి కోసేది. "నువ్వు దేవుని మనిషివైతే ఇది పడదు," అన్నాడు. కోపంగా కూడా లేడు, కళ్ళలో నీళ్ళున్నాయి, ఆయనకి నిజంగా తెలుసుకోవాలని ఉంది. పిడి దించడం మొదలుపెట్టాడు. సద్దిగిన్నె పట్టుకుని వచ్చిన అమ్మ గిన్నె అక్కడే పారేసి ఆయన మణికట్టు కొరికింది, కుక్క పట్టినట్టు పట్టి రక్తం వచ్చినా వదల్లేదు. నాకు రెండు వేళ్ళ మీద తోలు మాత్రం తెగింది. పసుపు అద్దుతూ అమ్మ, "లిస్టు రాసుకున్నోన్ని ఆ లిస్టు తన కాడ్నే పెట్టుకొమ్మను," అంది. అదే అమ్మ. రెండేళ్ళకి బండల మీద.

నేనేదో దెబ్బలు తిన్న పావురాయిని అనుకోవద్దు. ఆ చెయ్యి నాకూ వచ్చింది. పోయిన ఏడాది నాతో పాటు పాఠాలు చెప్పే కేదార్, మంచివాడు, భీమవరం అతను, పెళ్ళి చేసుకుందామని కూడా అన్నాడు, మెట్ల మీద వెనక నుంచి వచ్చి సరదాగా నా జబ్బ పట్టుకున్నాడు. నా చేతిలో ఉన్న టిఫిన్ డబ్బాతో మొహం మీద కొట్టాను. ఒకసారి కాదు, పడిపోయాక కూడా కొట్టాను. కనుబొమ్మ చీలింది. అతను రక్తం తుడుచుకుంటూ, "ఏంటి సుష్మితా ఇది? నన్ను ఎవరనుకున్నావు?" అన్నాడు. ఇప్పుడు శ్రీనగర్ కాలనీలో వేరే ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. ఆ రోజు ఇంటికొచ్చి చూస్తే నాయిన కోచింగు సెంటర్ల పాంప్లెట్లు కట్టలు కడుతున్నాడు. సాఫ్ట్‌వేర్ వచ్చాక పెళ్ళి కార్డులు వెనకబడి ఇవే ఎక్కువయ్యాయి. వంద శాతం ఉద్యోగం గ్యారంటీ, లావు అక్షరాలు, ఎర్ర రంగు, అమీర్‌పేట గోడలన్నీ ఆయన అచ్చేసినవే. ఊరందరికీ గ్యారంటీ అచ్చేసి ఇచ్చే మనిషి నాకు ఒక్క ముక్క అచ్చెయ్యలేకపోయాడు. ఆ పొద్దు ఆయన కట్టలు కట్టిన చోటే నిలబడి అరిచాను, ఇల్లు వదిలేస్తానన్నాను. వదల్లేదు. ఆయన్ని చూడకుండా ఉంటే నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

పదకొండూ నలభై. డాక్టర్ మంజూష తలుపు సందులోంచి తొంగి చూసి, "పెట్టారా?" అంది. "చదువుతున్న," అన్నాను. ఆమె నన్ను ఒక రకంగా చూసి వెళ్ళింది. చదవడానికి ఏముంది? నేను వాణ్ణి చంపడం లేదు, కూర్చున్నాను, అంతే. బతికేది ఉంటే బతుకుతాడు, లేకపోతే లేదు, ఎక్కడో నిర్ణయమైపోయింది, నా చేతిలో ఏముంది? ఇలా అనుకోగానే ఒళ్ళంతా తేలికైంది. నిజంగా, ఎంత హాయిగా ఉందంటే కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను. భుజాల నొప్పి కూడా పోయింది. కళ్ళు మూసుకోగానే కిటికీ దగ్గర ఆయన కనిపించాడు, నర్సింహులూ నువ్వు పో అంటూ, ఇదే తేలికతో, ఇదే ప్రశాంతమైన మొహంతో. దిగ్గున లేచి కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఆయనది భక్తి అనుకున్నాను, మూర్ఖత్వం అనుకున్నాను. కాదు, ఆయనకి అందులో నిద్ర పట్టేది. చెయ్యి తనది కాదనుకుంటే ఎవరికైనా పడుతుంది. అరగంటలో నాకూ పట్టబోయింది.

అప్పుడే చక్రపాణి అయ్యగారు వచ్చారు, ఫ్లాస్కు పట్టుకుని, ముసలాయన, మెట్లెక్కి ఆయాసపడుతూ. రాజమండ్రి దిక్కు మాట ఇన్నేళ్ళైనా పోలేదు. పక్క కుర్చీలో కూర్చుని కాగితం వైపు చూశారు. "ఏంటమ్మా, ఇంకా సంతకం పెట్టలేదా?"

"రాసి ఉంటె బతుకుతడు గదా అయ్యగారూ. నా సంతకంతోని ఏం పని?"

ఆయన మొహం నల్లబడింది. "అది అలా వాడే మాట కాదమ్మా. భయంతో చస్తున్నవాడికి చెప్పే మాట అది. నువ్వు జారిపోయినా ఆయన పట్టు జారదురా అని ధైర్యం చెప్పడానికి. పక్కవాణ్ణి తూచడానికి కాదు, చేతులు కట్టుకుని కూర్చోడానికీ కాదు. ఎవరున్నారో ఎవరు లేరో ఏ మనిషికీ తెలీదు. నాకూ తెలీదు."

ఎంత చక్కగా చెప్పారో. ఎంత చిన్న మాట. ఏడేళ్ళప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే రుమాలు కింద ఇంకోసారి చెయ్యి పెట్టేదాన్ని. "ఆ పొద్దు పళ్ళెం పట్టుకుని నా ముందల నిలవడ్డది మీరే గదా. గీ మాట మా నాయినకు అప్పుడెందుకు చెప్పలే?" నా గొంతు వరండా అంతా వినిపించింది. ఆయన ఫ్లాస్కు మూత తిప్పి మళ్ళీ బిగించారు. "భయపడ్డానమ్మా," అన్నారు. "మీ నాన్న సంఘపెద్ద. పండగ పూట గొడవెందుకులే అనుకున్నాను. పళ్ళెం పక్కపిల్ల దగ్గరికి జరిపేశాను. మీ అమ్మ పోయినప్పుడు కూడా... అడగాల్సింది అడగలేదు." ఫ్లాస్కు లాక్కుని గోడకేసి కొట్టాను. లోపలి గాజు పగిలి టీ ఆయన కాళ్ళ మీద చిమ్మింది, కాలే ఉంటుంది. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. నన్ను తిట్టనూ లేదు. అందరూ భయపడ్డారు. అయ్యగారు మా నాయినకి భయపడ్డారు, మా నాయిన దేవుడికి, నేను బెల్టుకి. ఒక్క అమ్మ భయపడలేదు, కొరికింది.

నర్సు వచ్చి, పేషెంట్ మిమ్మల్నే పిలుస్తున్నారు, ఇంక పది నిమిషాలే, అంది. అట్ట పట్టుకుని లోపలికి వెళ్ళాను. ఏం చెప్పాలో నాకు తెలుసు. చెవి దగ్గర వంగి, నీ గడియ ముందే రాసి ఉన్నది నాయినా, దవాఖానకు వస్తే మారుతదా, అని ఆయన మాట ఆయనకే అప్పజెప్పి, ఆ మొహంలోకి చూడాలి. అందుకే పన్నెండు కావొచ్చేదాకా కూర్చున్నాను. అప్పటికే తల గొరిగేశారు. ఇంత చిన్న తల అని నాకు తెలియదు. వంగేటప్పుడు అడ్డమొస్తోందని అట్ట పట్టుకున్న చెయ్యి పైకెత్తాను. ఆయన కుడి చెయ్యి చటుక్కున లేచి మొహానికి అడ్డం వచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని, భుజం చెవి దాకా ముడుచుకుని, దెబ్బ కోసం ఎదురు చూస్తున్నాడు. మా నాయిన నన్ను చూసి వణికాడు. నాకు సంతోషమైంది, అబద్ధం చెప్పను, కాళ్ళ నుంచి తల దాకా సంతోషం పాకింది. ఇంకాసేపు అలాగే వణకనిద్దామని చెయ్యి దించలేదు. దెబ్బ రాకపోయేసరికి ఒక కన్ను తెరిచి చూశాడు. ఆ చూపు చూడగానే నా సంతోషం కుళ్ళిన వాసన కొట్టింది.

"బిడ్డా," అన్నాడు. నాలుక తిరగడం లేదు, మాట ఒక పక్క నుంచి కారుతోంది. పదిహేడేళ్ళయింది ఆ పిలుపు విని. "బిడ్డా... నా పేరు... ఉన్నదా ఆడ?"

పాపం అనిపించలేదు. ఇదా నీ సంగతి అనిపించింది. ఊరందరినీ తేల్చినవాడు తన సంగతి తేల్చుకోలేక ఇన్నేళ్ళూ వణికాడా, ఆ వణుకు ఆపుకోవడానికా నన్ను కొట్టింది, మా అమ్మని అట్లా వదిలేసింది? గొంతు నొక్కేద్దామన్నంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే పెన్ను తీశాను. నా చేత్తోనే తీశాను, ఎవరూ తీయించలేదు. అట్ట ఆయన ఛాతీ మీద పెట్టి, కాగితం చిరిగేంత గట్టిగా ఒత్తి, సుష్మిత అని రాశాను, సంబంధం అన్న చోట కూతురు అని రాశాను. తర్వాత చెవి దగ్గరికి వంగాను.

"లేదు," అన్నాను. "నీ పేరు లేదు నాయినా. నాది సుత లేదు. నువ్వు యాడికి పోతె గాడికే వస్త నేను. గని ఇయ్యాల కాదు. సచ్చి తప్పించుకుంట అనుకోకు. ముందుగాల లేసి కూసో, అమ్మను ఎందుకు పంపియ్యలేదో నా మొకం చూసి చెప్పు."

ఆయన ఏడ్చాడు. భయంతోనో మరి దేనితోనో నాకు తెలియదు, అడగలేదు. నర్సు కాగితం లాక్కుంది, ఇద్దరు వచ్చి మంచం చక్రాల బ్రేకు తీశారు. ఆయన మంచి చెయ్యి నా చున్నీ అంచు పట్టుకుంది. వదలండి తాతా అన్నారు వాళ్ళు, వదల్లేదు. లాక్కుంటే వచ్చేసేది, అంత బలం లేదు ఆ చేతిలో. నేను లాక్కోలేదు. థియేటర్ తలుపు దాకా మంచం పక్కనే, వాళ్ళ నడకకి సరిగ్గా నడిచాను.